ఊచ మీద నీళ్లు

మా ఇంట్లో కాఫీ నాదాకా వచ్చేసరికి చల్లారిపోతుంది. వంటింట్లో పొగలు కక్కుతూనే బయలుదేరుతుందట. దారిలో ఎవరో ఒకచోట పెడతారు, ఇంకెవరో తీసుకుంటారు, చివరికి నేను తాగేది దాని జ్ఞాపకాన్ని. మొన్న మనవరాలితో ఈ మాటే అంటూ, పెరట్లో కాకరపాదుకు ఊతంగా పాతిన ఇనుప ఊచ కంటబడి మధ్యలో ఆగిపోయాను.

ఆ ఊచ మా నాయనది. యుద్ధం రోజుల్లో ఆయన మిలిటరీ గుర్రాలకు ఎండుగడ్డి సరఫరా చేసేవాడు. వానలు వెనకబట్టాక గిద్దలూరు వైపు కొండల అంచున కోసిన గడ్డి బండ్ల మీద మా దొడ్డికి వచ్చేది. దాన్ని చెక్క ప్రెస్సులో నొక్కి, బేళ్లు కట్టి, మార్కాపురంలో రైలెక్కించేవాళ్లు. సజ్జరొట్టె చేత పట్టుకుని ఆ బేళ్ల మీంచి దూకడం మా పిల్లల ఉద్యోగం. బాగా ఎండిన బేలు ఉత్త ఎండవాసన వేసేది. లోపల చెమ్మ మిగిలినదైతే కొద్ది రోజుల్లో వేడెక్కి, అరిసెల పాకం వాసన వేసేది. మాకు ఆ రెండోదే ఇష్టం.

చెమ్మ కొలవడానికి నాయనకు ఒక పద్ధతి ఉండేది. బేలు నడిమికి ఊచ దింపి, ఒక చుట్ట కాలేంతసేపు ఉంచి, పీకి, చెంపకు ఆనించుకోవాలి. వెచ్చగా ఉంటే గడ్డి ఇంకా పచ్చి అని లెక్క. పద్ధతిలో లోపమేమీ లేదు. ఊచ దింపి పీకేది మాత్రం ఊరవతల పల్లె నుంచి వచ్చే యేసోబు. అతని చేతి నుంచి నాయన ఏదీ అందుకునేవాడు కాదు. కనుక యేసోబు ఊచను నేల మీద పెట్టి దూరం జరిగేవాడు. మా అవ్వ చెంబుతో నీళ్లు చల్లి దాన్ని శుద్ధి చేసేది. అప్పుడు నాయన తీసుకుని, చెంపకు ఆనించి, కళ్లు మూసుకుని, "ఎండింది" అనేవాడు. అన్ని బేళ్లూ ఎండినవే. అంత ఎండిన గడ్డి మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో ఇంకెక్కడా ఉండి ఉండదు. ఇందులో కిటుకేమిటో కాలేజీలో ఫిజిక్సు చదివేదాకా నాకు తట్టలేదు.

ఊచ పీకగానే యేసోబు దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ గెంతేవాడు. మేము పడీపడీ నవ్వేవాళ్లం.

"ఏందిరా యేసోబూ, చిందులేస్తాన్నావు?" అని నాయనా నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం, ఎవరూ నిప్పు పెట్టకుండానే, లోలోపల వేడెక్కిన బేళ్లలోంచి పొగ లేచింది, ఆ వెనకే మంట. యేసోబు కేకలకు పల్లె మొత్తం పరుగెత్తుకొచ్చి, మా బావిలో చేదలు వేసి, తోడి పోసింది. ఆ పూట అవ్వ దేనిమీదా నీళ్లు చల్లలేదు. కొట్టమూ ఎద్దులూ దక్కాయి. బేళ్లతో పాటు ఎద్దుల మేత బూడిదైంది. మేత లేక చివరికి ఆ ఎద్దుల్నే సంతకు తోలారు. మర్నాడు పురోహితుణ్ణి పిలిచి బావికి శుద్ధి చేయించారు. అరిసెలు కూడా వండారు. నేనూ తిన్నాను. బాగున్నాయనే చెప్పాలి.

ఇప్పుడు ఆ దొడ్డి లేదు, ప్రెస్సు లేదు, బావి పూడిపోయింది. గడ్డిలో చెమ్మ ఎంతో అంకెల్లో చూపించే మరలు వచ్చాయట. ఊచ ఒక్కటే మిగిలింది. కాకరపాదు సరిచేస్తూ దాన్ని పట్టుకున్నప్పుడల్లా, మంటలారిన ఆ సాయంత్రం బూడిద దగ్గర నిలబడి నాయన అన్న మాట గుర్తొస్తుంది.

"ఊచ అంత కాలతాంటే ఒక్క మాట చెప్పొచ్చు గదరా!"

తడిసిన పంచె పిండుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు యేసోబు:

"దినామూ మీ ముందరే గెంతినా గద సామీ. మీరు నవ్వినారు."