షామియానా కింద ముబారక్

పెళ్లయి కట్టంగూరు నుంచి నల్లగొండ వచ్చిన కొత్తలో, పక్కింటి ఫాతిమక్కను పలకరించాలని నాలుగు ఉర్దూ మాటలు నేర్చుకున్నాను. ఓసారి పుట్టింటి నుంచి తిరిగొచ్చేసరికి వాళ్ల ముంగిట్లో షామియానా, నిండా చుట్టాలు. అక్క కూతురి నిశ్చితార్థమనుకుని, అక్కను వెనక నుంచి వాటేసుకుని "ముబారక్ హో!" అని గట్టిగా అభినందించాను.

అందరూ నావైపు తిరిగి చూశారు. అప్పుడు కనిపించింది, లోపల తెల్లగుడ్డ కప్పిన ఆమె అత్తగారి శవం. అక్కను చుట్టిన చేతులు చటుక్కున వెనక్కి తీసుకున్నాను. ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో ఫాతిమక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఫికర్ చెయ్యకు చెల్లె. మా అత్తమ్మ నిండుగ బతికి పోయింది. గామెకు ముబారక్ అంటే తప్పేముంది?" అని నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

అంత దుఃఖంలో నా పరువు కాపాడాలని ఆమెకెలా తోచిందో! ఇప్పటికీ తలుచుకుంటాను.