నూట ఎనభై రోజుల పురుడు

"మూడు నెలల గుంటని వదిలేసి ఎలాగెల్తావే? నీది గుండేనా, రాయా?" అన్నాను.

"వదలాలని నాకుందేటి అమ్మమ్మా? పురుడు ఇక్కడే పోసుకోవాలని పంతం పట్టింది నువ్వు. అక్కడే కనుంటే నా పిల్ల నా దగ్గరే ఉండును."

నా నోరు ఊరుకోదు కదా, పుట్టింటి పురుడు లేకుండా మన ఇంట్లో ఏ ఆడపిల్లా కనలేదన్నాను.

మనవరాలు తల్లి లేని పిల్ల. నేనే పెంచి నర్సు చదువు చదివించేను. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇంగ్లండులో ఉద్యోగాలు. అక్కడ నీకు బాలింత మందు, కాయం ఎవరు పెడతారు, నడుంకట్టు ఎవరు కడతారు అని పోరి, నరసన్నపేట రప్పించేను. ఏడో నెలలోనే రమ్మన్నదీ నేనే, అప్పుడు టికెట్టు చవకని.

అక్కడ ఐదేళ్లు పనిచేస్తే ఇక ఎప్పటికీ ఉండిపోవచ్చని కాగితం ఇస్తారట. దీనికి నాలుగున్నర నిండేయి. కానీ ఏడాదిలో నూట ఎనభై రోజులు మించి దేశం బయట ఉంటే ఆ లెక్క తెగిపోతుందట. పైగా ఇప్పుడు ఐదేళ్లని పదేళ్లు చేస్తామంటున్నారట. అది ఎవరికి తగులుతుందో ఎవరికి తగలదో ఫోన్లో రోజుకొకరు ఒకటి చెబుతున్నారు. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. నాలుగుసార్లు చెప్పించుకున్నాను. చివరికి నోము లెక్కన అర్థమైంది. ఉద్యాపన ముందు నోము తప్పితే మళ్లీ మొదటికే.

దీని నూట ఎనభై రోజులూ మర్నాటితో సరి. ఇక్కడ పుట్టిన పిల్లకి అక్కడికెళ్లాలంటే వీసా కావాలట, అది మాత్రం రాలేదు. ఎన్నిసార్లు అడిగినా పరిశీలనలో ఉందనే జవాబు.

ఆ కాగితం లేకపోతే బతకలేమా, ఉండిపొమ్మన్నాను. అది ఏడవలేదు. పిల్లకి పాలిస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఉండిపోతే ఇంకో పదేళ్లు భయపడతా బతకాలి అమ్మమ్మా. ఉద్యోగం పోతే రెండు నెలల్లో దేశం ఒదిలి పొమ్మంటారు. అప్పుడు దీన్నేటి సేసుకోను? నాకు తోసట్లేదు. నువ్వే సెప్పు. ఉండమంటే ఉండిపోతాను."

ఇన్నేళ్లూ దాని విషయంలో నా మాటే నెగ్గింది. ఆ పూట మాత్రం నా మాట నాకే అక్కర్లేకపోయింది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవలేకపోయాను. గింజ పారెయ్యనిదాన్ని.

"ఎల్లు," అన్నాను చివరికి. "దీన్ని నేను సూస్తాను."

తెల్లారి మనవరాలు విమానం కోసమని ఆమదాలవలసలో విశాఖపట్నం రైలెక్కింది. బండి కదిలాక పిల్లని ఎత్తుకుని ఆటోలో ఇంటికొచ్చి డబ్బా పాలు కలిపేను. సీసా నోట పెడితే మొహం తిప్పేసింది. రెండోసారీ తిప్పేసింది. పదిన్నరకి ఉగ్గుగిన్నెతో పోస్తే నాలుగు గుక్కలు మింగింది.