బుట్ట వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళు

మీకిప్పుడు ఒక మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో ఒక రాజ్యం కూలుతుంది. ఒక మహారాణి నిలువ నీడ కోల్పోతుంది. దాయాది సింహాసనం ఎర చూపిస్తుంది. ఒక యువవీరుడు ఎవరూ ఎరగని ఆయుధంతో రంగంలోకి దూకుతాడు. (చదివేవాళ్ళని మోసం చేయడం ఇష్టం లేక ముందే చెప్పేస్తున్నాను. రాజ్యమంటే విజయవాడ వన్‌టౌన్‌లో ముగ్గురు నిలబడితే నాలుగోవాడు రోడ్డు మీద ఉండాల్సిన ఎండుచేపల కొట్టు. మహారాణి మా మేనత్త. దాయాది ఆవిడ తోటికోడలు. సింహాసనం ప్లాస్టిక్ స్టూలు. ఆయుధం మీటలు ఊడిన నా లాప్‌టాప్. వీరుడి సంగతి చదువుతుంటే మీకే తెలుస్తుంది.)

ఆ రోజుల్లో, అంటే మరీ ఎడ్లబళ్ళ కాలమేం కాదు, నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగమిస్తామన్న కంపెనీ పిలుపు కోసం ఫ్యాను కింద పడుకుని ఎదురుచూసే రోజుల్లో, కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ నాకు అర్థమవుతుందని మా చుట్టాలందరికీ గట్టి నమ్మకం. గ్రైండరు తిరగకపోయినా నన్నే పిలిచేవారు. నేనూ వెళ్ళి, దాన్ని కాసేపు గంభీరంగా చూసి, "మోటారు" అని చెప్పి కాఫీ తాగి వచ్చేవాణ్ణి. ఆ ధైర్యంతోనే అత్తయ్య కొట్టుకి వెబ్‌సైట్ చేస్తానని మాటిచ్చాను. కొట్టున్న పాత బిల్డింగు పడగొడుతున్నామని, ఈస్టర్‌కి ఖాళీ చేయమని ఓనరు చెప్పేశాడు. ఆ చుట్టుపక్కల ఇంకో కొట్టు దొరకలేదు. ఆ కబురు గవర్నర్‌పేటలో చీరల షాపున్న తోటికోడలికి చేరడం, ఆవిడ మైసూర్‌పాక్ ప్యాకెట్‌తో పరామర్శకు దిగడం ఒకే రోజు జరిగాయి.

"నా దగ్గరికొచ్చేయ్ అక్కా. కౌంటర్లో కూర్చునే పిల్ల మానేసింది. నువ్వు ఊరికే కూర్చుంటే చాలు, ఎవరైనా చీరలు మడత పెట్టమంటే పెట్టు. నీకోసం స్టూలు కూడా కొన్నాను."

అత్తయ్య నవ్వుతూ మైసూర్‌పాక్ తీసుకుంది. ఆవిడ వెళ్ళాక నావైపు తిరిగింది. "ఒరేయ్ అబ్బాయ్, ఇన్నేళ్ళు నా కొట్టుకి నేనే ఓనర్ని. ఇప్పుడు పోయి దాని స్టూలు మీద కూర్చుని దాని చీరలు మడత పెట్టాలా? ఈస్టర్ దాకా టైముంది. నీ సైటో గీటో, అందులో బేరాలు నడిచాయా సరే. లేదంటే నాకు ఆ స్టూలే గతి."

వెబ్‌సైట్ తయారైంది. తయారీలో అత్తయ్య పెట్టిన షరతులు రెండే. ఒకటి, ఆదివారం మూసెయ్యాలి. వెబ్‌సైట్‌కి షట్టరు ఉండదని ఎంత చెప్పినా వినకపోతే, ఆదివారాల్లో మాత్రం "ఈరోజు చర్చి. రేపు రండి" అని కనపడేలా చేశాను. రెండు, వచ్చినవాళ్ళని కూర్చోమనాలి. (అందుకే మా మొదటి పేజీలో "రండి, కూర్చోండి" అని ఉంటుంది. ఎక్కడ కూర్చోవాలో ఎవరూ అడగలేదు.) ప్రారంభోత్సవానికి పాస్టరు గారు వచ్చి లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆయన చెయ్యి తీశాక చూస్తే ఉప్పు చేప పేరు ఉండాల్సిన చోట తెర నిండా ఒకే అక్షరం వరసగా నిలబడి ఉంది. దాన్ని చెరిపేసి, కొట్టు ముందుగానే ఖాళీ చేసి, అత్తయ్య ఇంట్లోనే దుకాణం తెరిచాం.

ఎవరూ రాలేదు. చుట్టాలు వచ్చారు గానీ, బాగుందని చెప్పి పోయారు. అత్తయ్య మాత్రం రోజూ పొద్దున్నే స్నానం చేసి, జడ వేసుకుని, కొట్టుకి వెళ్ళినట్టే వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చునేది. బోణీ అయ్యేదాకా టిఫిన్ తినదు. కొట్టులోనూ అంతే. పొద్దున్న మొదట గుమ్మం తొక్కినవాళ్ళు ఉత్త చేతులతో వెనక్కి పోతే ఆ రోజంతా బేరాలుండవని ఆవిడ లెక్క. అందుకే ఎంత తగ్గించయినా, ఎంత కొసరు వేసయినా, అవసరమైతే సందు చివరిదాకా వెంటపడయినా వాళ్ళ చేతిలో పొట్లం పెట్టి పంపేది. (పాస్టరు గారి ముందు ఈ సంగతి ఎత్తితే "అదేం నమ్మకం కాదండీ, వ్యాపారం" అంటుంది.)

అలా ఎదురుచూస్తుండగా ఒక పొద్దున హైదరాబాద్ నుంచి ఎవరో ఒకావిడ వచ్చింది. ఎండు రొయ్యలు బుట్టలో వేసుకుంది, పేరూ ఫోన్ నంబరూ రాసింది, డబ్బు కట్టే బటన్ దాకా వచ్చింది, మాయమైపోయింది. తెర మీద ఎర్రగా వచ్చింది: వదిలేసిన బుట్ట.

"వదిలేయడమేంట్రా?" అంది అత్తయ్య.

"మామూలేనత్తా. ఆన్‌లైన్లో చాలామంది అలాగే పోతారు. ఒకట్రెండు రోజులాగి ఈమెయిల్ పంపిస్తే..."

"గుమ్మంలోకొచ్చి, సరుకు చేత్తో పట్టుకుని, బోణీ బేరం వెళ్ళిపోతుంటే నువ్వు కూర్చుని ఉత్తరం రాస్తావా? నంబరు చెప్పు!"

అలా ఫోన్లు చేయకూడదని, కేసు పెడతారని, ప్రపంచంలో ఏ కంపెనీ ఇలా చేయదని నేను చెబుతుండగానే అవతల రింగైంది.

"అమ్మా, ఎండు రొయ్యలు బుట్టలో పెట్టి వెళ్ళిపోయావ్. ఏం నచ్చలేదమ్మా?"

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత భయంగా, "మీకెలా తెలుసండీ?"

"షాపు మాదేనమ్మా, మాకు తెలీదా?"

"కుక్కరు విజిల్ వేస్తే లేచానండీ."

"పోయి స్టవ్ కట్టేసి రామ్మా. నేను లైన్లోనే ఉంటా."

ఆవిడ నిజంగానే వెళ్ళి కట్టేసి వచ్చింది! ఆ తర్వాత తలకాయలు తీసిన రొయ్యలేనా, ఇసక తగులుతుందా, వంకాయలో వేస్తే బాగుంటాయా గోంగూరలోనా అని చర్చ నడిచింది. వాళ్ళ అమ్మమ్మది అవనిగడ్డ అని తేలింది. బోణీ కాబట్టి ఒక గుప్పెడు కొసరు వేస్తానని అత్తయ్య మాటిచ్చింది. బేరం కుదిరింది. డబ్బులు ఆవిడ ఫోన్లోనే అత్తయ్యకి వేసేసింది. నేను ఎన్నో రోజులు కుస్తీ పట్టి పెట్టిన బటన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. అత్తయ్య ఫోన్ పెట్టేసి, ఇడ్లీ తెప్పించమంది.

మర్నాడు ఇంకో రెండు బుట్టలు వదిలేసి ఉన్నాయి. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ. సైటులో ఏదో పెద్ద తప్పు జరిగిందని నేను కంగారుగా కోడ్ అంతా వెతుకుతుంటే అసలు సంగతి తెలిసింది. ఆ హైదరాబాద్ ఆవిడ వాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఉపాయం చెప్పేసింది. బుట్టలో వేసి వదిలేయండి, ఆవిడే ఫోన్ చేస్తుంది, గుప్పెడు కొసరు వేస్తుంది, వండటం కూడా చెబుతుంది. ఇక చూసుకోండి, బుద్ధున్నవాడెవడూ ఆ బటన్ నొక్కలేదు. ఒక పెద్దాయన పొరపాటున నొక్కేసి, మర్నాడు తనే ఫోన్ చేశాడు. "ఏమండీ, అందరికీ ఫోన్లు చేస్తున్నారట, నాకు రాలేదేంటండీ? నేనేం పాపం చేశాను?" అత్తయ్య ఆయన్ని బుజ్జగించి, కొసరు విడిగా పార్సిల్ చేయించి, "ఆ బటన్ తీసెయ్‌రా, వచ్చినోళ్ళని గుమ్మంలోనే డబ్బులడిగినట్టుంది, మర్యాదగా లేదు" అంది.

అన్ని ఫోన్లూ బేరాలైపోలేదు. గుడివాడ కుర్రాడొకడు వారం పాటు రోజూ రొయ్యల పచ్చడి, మెత్తళ్ళు, ఉప్పు చేప బుట్ట నిండా వేసి వదిలేస్తుంటే అత్తయ్య ఊరుకోలేక అడిగేసింది.

"శ్రమకాలం కదండీ, ఈస్టర్ దాకా మా ఇంట్లో నీచు ముట్టం" అన్నాడు దీనంగా. "ఊరికే చూసుకుంటున్నాను."

"చూసుకో నాయనా, చూసుకో" అంది అత్తయ్య, గొంతు తగ్గించి. "ఈస్టర్‌కి అందేలా పంపిస్తాలే."

ఈస్టర్‌కి వారం ముందు వచ్చే మట్టలాదివారం వెళ్ళిన మర్నాడు తోటికోడలు వచ్చింది. సరుకంతా అత్తయ్య ఇంటి ముందు గదిలోనే ఉంది. ఆవిడ షాపులో కంప్యూటర్ బిల్లింగ్ ఉంది కాబట్టి, వస్తూనే నా లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. ఆ రోజు ఆర్డర్ల దగ్గర సున్నా. కింద తెర నిండా ఎర్రగా వదిలేసిన బుట్టలు.

"అయ్యో అక్కా! వచ్చినోళ్ళు వచ్చినట్టే వదిలేసి పోతున్నారే!" ఆ గొంతులో ఉన్నంత సానుభూతి నేను ఏ సంతాప సభలోనూ వినలేదు. "పోన్లే, బాధపడకు. ఈస్టర్ వెళ్ళాక సోమవారం నుంచి వచ్చేయ్."

అత్తయ్య ఇటు తిరిగి చూడలేదు. అహంకారమేం కాదు, ఫోన్లో ఉంది. అవతలివాళ్ళకి మెత్తళ్ళ ఇగురులో మామిడికాయ ఎప్పుడు వేయాలో చెబుతోంది. తోటికోడలు కూర్చుందామని చూసింది. గదిలో ఎక్కడా చోటు లేదు, గోడ వారగా కిటికీ దాకా పార్సిళ్ళే. ఒకదాని మీద ఆనుకోబోయింది.

"లేమ్మా లే, మెత్తళ్ళు, పొడైపోతాయి!" అంది అత్తయ్య ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి. "ఎటూ ఖాళీగానే ఉన్నావుగా, ఆ టేపందుకుని ఈ అట్టపెట్టెలకి వెయ్యి. అబ్బాయికి సరిగ్గా రావట్లేదు."

ఆవిడ ఒకసారి సున్నా వైపు, ఒకసారి కిటికీ దాకా ఉన్న పార్సిళ్ళ వైపు చూసింది. పట్టుచీర కొంగు బొడ్లో దోపింది. సాయంత్రం దాకా టేపు వేసింది. బాగా వేసింది కూడా. సోమవారం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు నేనొక ఏసీ ఆఫీసులో పనిచేస్తున్నాను. వదిలేసిన బుట్టల మీద మాకు నెలనెలా మీటింగ్ ఉంటుంది. అందరం ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఈమెయిల్‌లో ఏ రంగు పెడితే జనం వెనక్కొస్తారని గంటల తరబడి మాట్లాడుకుంటాం. అప్పుడప్పుడూ, కోడ్‌లో తప్పెక్కడుందోనని చెమటలు కక్కుతూ వెతికిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పక్కనే అత్తయ్య ఎవరికో గోంగూర గురించి చెబుతూనే ఉంటుంది, వాడు వెతుకుతూనే ఉంటాడు. వాడి భుజం తట్టి లాప్‌టాప్ మూసెయ్యమని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు, ఇంజనీరు కదా.

కొసరుగా అత్తయ్య మీకు చెప్పమన్న మాట: ఎండు రొయ్యలు ఇంటికి తెచ్చుకున్నాక ఒక పూట ఎండలో పెట్టి, గాలి చొరబడని డబ్బాలో వేసి మూత బిగించాలి. లేకపోతే మెత్తబడతాయి.