సైరన్ మోగితే ఎవరు ఏది పట్టుకోవాలె

మా ఊరు కమాన్‌పూర్ దగ్గర. ఊరికి తూర్పున వరి పొలాలు, పడమర ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్ట. పొద్దు ఆ గుట్ట వెనక కుంగుతుంది కాబట్టి పక్క ఊళ్ల కంటే మాకు పావుగంట ముందే సాయంత్రమవుతుంది.

పోయిన ఏడు నాకు జగిత్యాల దిక్కు ఒక సంబంధం వచ్చింది. పిల్ల నాకు బాగా నచ్చింది. అయితే వాళ్ల బాపు మా ఇల్లు, ఊరు చూశాకే మాట ఇస్తానన్నాడు. ఆయన రైతు. ఫోన్‌లో ఒక్కటే అడిగాడు: "మీ ఊళ్లె సౌలతులేమున్నయి?"

నేను మైనింగ్ డిప్లొమా చేసినవాణ్ణి. అడిగితే నోటితో చెప్పను, కాగితం మీద రాస్తాను. ఊళ్లో ఉన్న సౌకర్యాలన్నీ రాశాను. రోజుకు రెండుసార్లు బస్సు. మంచినీళ్ల ప్లాంటు. వరి నాట్లప్పుడు తప్ప ఎప్పుడూ దొరికే ఆరెంపీ డాక్టరు. ఆదివారం చికెన్ కూడా కొట్టే కిరాణా షాపు. ఏటీఎం ఊరి బయట సెంటినరీ కాలనీలో ఉంది కాబట్టి లెక్కకు రాదు, అయినా రాశాను. మొత్తం పదకొండు తేలాయి.

ఒకటి మాత్రం రాయలేదు. మధ్యాహ్నం రెండు దాటాక గనిలో సైరన్ మోగుతుంది, ఆ వెంటనే బ్లాస్టింగ్. ఇల్లు వణుకుతుంది, గూట్లో సామాను కింద పడుతుంది. అందుకే సైరన్ వినగానే మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి వాటేసుకుంటారు. మా ఇంట్లో మొదట్లో గందరగోళం ఉండేది: టీవీకి ఇద్దరు, తొక్కు జాడీకి ఎవరూ లేరు. చివరికి నేనే డ్యూటీలు రాసి వంటింటి తలుపుకు అతికించాను. టీవీ బాపుది, గిన్నెల స్టాండు అమ్మది, మామిడికాయ తొక్కు జాడీ నాయనమ్మది, గోడ అద్దం నాది. మేకు గట్టిగా కొట్టుకోవచ్చు కదా అంటారు. కొట్టాను. గోడ పెళ్ల ఊడింది.

వాళ్లను పదింటికి రమ్మన్నాం. పన్నెండుకు భోజనం, ఒంటిగంటన్నరకు సాగనంపుడు, ఇదీ నా ప్లాను. కానీ పిల్ల బాపు దారిలో కనబడ్డ ప్రతి మడి దగ్గర ఆగి వడ్లు ఏ రకమో అడుగుతూ వచ్చేసరికి ఒంటిగంట దాటింది. వెంట పిల్ల పెద్దమ్మ. ఇద్దరూ బగారన్నం తిన్నారు. నేను కాగితం తీసి నిలబడి చదవడం మొదలుపెట్టాను. ఏడో సౌలతు దగ్గర సైరన్ మోగింది.

మా బాపు సగం మాట నోట్లోనే పెట్టుకొని టీవీని వాటేసుకున్నాడు. అమ్మ స్టాండు దగ్గరికి ఉరికింది. మోకాళ్ల నొప్పులతో లేవలేక నాయనమ్మ కేకేసింది.

"ఓ బిడ్డా! జాడీ నీ పక్కకే ఉన్నది, జల్ది పట్టుకో!"

ఎందుకో తెలియకుండానే పెద్దమ్మ జాడీని ఒళ్లోకి లాక్కుంది.

"ఏందిది? నేనేం పట్టుకోవాలె?" అన్నాడు పిల్ల బాపు. నా డ్యూటీల కాగితంలో చుట్టాలకు డ్యూటీ లేదు. ఆయన అటూ ఇటూ చూసి, కింద నేల మీదున్న బగారన్నం గిన్నెను రెండు చేతులా పట్టుకున్నాడు.

ధడేల్‌మంది. టీవీ, జాడీ, గిన్నెలు అన్నీ భద్రం. అద్దం ఒక్కటే పడి పలిగింది. నేను సౌలతుల కాగితం పట్టుకొని నిలబడే ఉన్నాను.

"అందరికి డ్యూటీలు రాసినోడే డ్యూటీ మర్సిండు!" అంది నాయనమ్మ.

"ఇల్లు చూడ వస్తే అద్దం పలుగుడా," అని పెద్దమ్మ మొహం ముడుచుకుంది. జాడీ మాత్రం ఇంకా ఒళ్లోనే ఉంది.

"బావా, ఇది రోజయితదా?" అన్నాడు పిల్ల బాపు.

"లేదు బావా, ఆదివారం సెలవు," అన్నాడు మా బాపు, అది పన్నెండో సౌలతు అన్నట్టు.

పిల్ల బాపు లేచి వంటింటి తలుపు మీది డ్యూటీల కాగితం రెండుసార్లు చదివి, ఫోన్‌లో ఫోటో తీసుకొని పోయాడు. పెద్దమ్మ డబ్బానిండా తొక్కు పెట్టించుకొని పోయింది.

మూడు రోజులు ఫోన్ లేదు. "తొక్కు అయిపోయినంక చేస్తరు తియ్," అంది నాయనమ్మ. నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు తెలియని నంబరు. ఆ పిల్లే.

"మా బాపు మీ తలుపు ఫోటో చూపెట్టిండు. కొత్త అద్దం తెచ్చిన్రా?"

"తెచ్చిన."

"గోడకు పెట్టకుండ్రి. నేనొచ్చినంక నేను పట్టుకుంట. మీకు పలగనిదేదన్న రాసుకోండ్రి."

ఆ రోజే డ్యూటీల కాగితం తిరగరాశాను. అద్దం ఆమెది. బగారన్నం గిన్నె నాది.