కాంతవ్వ బయట కుట్టించుకున్న జాకెట్టు

అమీర్‌పేటలో మెట్రో మెట్లు దిగి, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు చేతిలో కుక్కేవాళ్లను ఎలాగోలా తప్పించుకుని, మూడో గల్లీలోకి తిరిగారనుకోండి, అదే శివరాములు మడిగె. మహా అయితే రెండు మంచాలు పట్టేంత కొట్టు. అందులోనే రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, శివరాములు, ఆయన ఇల్లాలు కాంతవ్వ. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన జాకెట్లు కుడుతున్నాడు. ఆమె వాటికి హుక్కులూ కాజాలూ వేస్తోంది, చీరలకు ఫాల్ కుడుతోంది. ఇద్దరికీ మధ్య దూరం ఒక మూర. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే మళ్లీ చీకటి పడ్డాకే లేవడం. ఇంతకన్నా దగ్గరగా బతికిన మొగుడూ పెళ్లాలు ఈ హైదరాబాదులో ఉంటారా చెప్పండి!

శివరాములుది సిరిసిల్ల వైపు నేతపని కుటుంబం. మగ్గం వదిలి మిషను పట్టినా మర్యాద మాత్రం వదల్లేదు. ఆయనకు ఒక నియమం ఉంది. ఆడమనిషి ఒంటి మీద టేపు పెట్టడు. “ఆది జాకెట్ తెచ్చుకో బిడ్డా” అంటాడు. ఆది అంటే ఒంటికి సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు. దాన్ని బల్ల మీద పరిచి, కొలుచుకుని, సుద్దతో గీసి కత్తెర పెడతాడు. ఆ పద్ధతి చూసే హాస్టల్ పిల్లలు ధైర్యంగా వస్తారు. సగం గిరాకీ ఆ పేరు మీదే.

అంతా బాగానే ఉంది కానీ, మహానుభావుడు ఆ నియమాన్ని సొంత భార్యకు కూడా అంటగట్టాడు! కాంతవ్వ కొత్త కోడలిగా వచ్చినప్పుడు తెచ్చుకున్న జాకెట్టే ఈనాటికీ ఆమెకు ఆది. రెండేళ్లకోసారి దానికి అందాజుగా అరంగుళం కలుపుతాడు, కుట్టి ఒళ్లో పడేస్తాడు. ఆమె తొడుక్కుంటుంది. ఎలా ఉందని ఆయన అడిగింది లేదు, ఇలా ఉందని ఆమె చెప్పింది లేదు.

మొన్న వేసవిలో శివరాములు తమ్ముడి కూతురు రవళి పెళ్లయింది, పంజాగుట్ట దగ్గర ఫంక్షన్ హాల్లో. పెళ్లికూతురి తల్లి ప్రమోద నోరు పెద్దది, మనసూ పెద్దదే. కాంతవ్వను చూడగానే వడ్డన దగ్గరే గట్టిగా అందుకుంది.

“అబ్బ, అక్కా! జాకెట్ గింత మంచిగ కూసున్నదేందే! బావా, నీ చేతుల ఏదో జాదూ ఉన్నది పో. నాకు సుత గిట్లనే కుట్టియ్యాలె!”

శివరాములు తలెత్తి చూశాడు. ఎవరి చేతిరాత వాళ్లకు తెలిసినట్టే ఎవరి కుట్టు వాళ్లకు తెలుస్తుంది. చంక దగ్గర ఆ వంపు ఆయన కత్తెర తిప్పింది కాదు. “ఆఁ... ఏదో గట్ల కుదిరింది తియ్యి” అని గొణిగి, అడిగి మరీ మూడు జిలేబీలు వేయించుకుని తలొంచుకు తినేశాడు.

ఆ తర్వాత మూడు రోజులు ధ్యాసంతా ఆ వంపు మీదే. ఒక జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే కుట్టాడు. నాలుగో రోజు మధ్యాహ్నం ఇక ఆగలేకపోయాడు.

“ఎవలు కుట్టిండ్రు?”

“ఏది?”

“గదే, పెండ్లికి తొడుక్కున్నది.”

కాంతవ్వ చేతిలో సూది ఆగలేదు. “పంజాగుట్ట సీతాబాయి.”

“టైలర్ పెండ్లాం ఇంకో టైలర్ కాడికి పోతదా? నా ఇజ్జత్ ఏంగావాలె? గల్లీల తెలిస్తే నా బోర్డు పీకి మూసీల పారేస్తరు!”

“తెల్వకుంటనే పోయిన గదా. నీ మరదలు నిన్నే మెచ్చుకునె. ఇంకేం గావాలె నీకు?”

“నా కుట్టుల తక్వేమున్నదో గది చెప్పు!”

కాంతవ్వ సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. “కుట్టుల ఏం తక్వ లేదయ్యా. సీతాబాయి టేపు వట్టుకొని, ‘యాడ పట్టేస్తున్నదక్కా, జర చెయ్యి లేపు’ అన్నది. గంతే. నాకు ఏడ్పొచ్చింది.”

“గా మాటకు ఏడుపేందే?”

“గట్ల ఎవలన్న అడిగి ఎన్నేండ్లయిందో!”

జవాబు లేనప్పుడల్లా శివరాములు కాలు దానంతటదే మిషను మీదికి పోతుంది. మిషను గడగడలాడితే మాట అక్కడితో చస్తుంది. ఇప్పుడూ కాలు పోయింది. కానీ తొక్కలేదు. లేచి, గూట్లోంచి టేపు తీశాడు.

“లెవ్వు.”

“ఏందీ?”

“లెవ్వరాదే జర.”

“సిగ్గు లేదా? పట్టపగలు, గల్లీ నిండ మంది!”

“నా పెండ్లానికి నేను కొలత తీస్కుంట. ఎవనిదేం పోయింది?”

కాంతవ్వ గొణుక్కుంటూనే లేచి నిలబడింది. మెడ కొలిచాడు, భుజం కొలిచాడు. కుడి చెయ్యి లేపమన్నాడు. చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది.

“పూరా లేపు.”

“గంతే లేస్తది.”

“ఎప్పటి సంది?”

“బతుకమ్మ సంది. జడ అల్లుకుంటందుకు అందక కొప్పు వెట్టుకుంటున్న.”

పెళ్లాం కొప్పు పెట్టడం శివరాములు చూశాడు. వయసు మీద పడింది కదా అనుకున్నాడంతే.

“ఇంత దగ్గర కూసుంటవ్, చెప్పద్దానే?”

“చెప్తనే ఉన్న. నువ్వు మిషిన్ తొక్కుతనే ఉంటివి.”

“ఈడనా?” అంటూ బొటనవేలితో భుజం మీద మెల్లగా నొక్కాడు.

“జర కిందికి. ఆఁ, గాడనే.” కాంతవ్వ కళ్లు మూసుకుంది. టేపు ఎప్పుడు కింద పడిపోయిందో ఇద్దరికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే వరలక్ష్మి గారు వచ్చారు. సోమాజిగూడలో ఆఫీసు ఆవిడది, కోస్తా మనిషి, పాత గిరాకీ.

“శివరాములు గారూ, నా బ్లౌజు అయిపోయిందాండీ? అయ్యో, ఏంటిది?”

కాంతవ్వ గబుక్కున కొంగు సర్దుకుని కూర్చోబోయింది. ఆయన మాత్రం ఆమె భుజం వదలనే లేదు.

“జర కూసోండి మేడం. మా ఇంటామె కొలతలు నడుస్తున్నయ్. కాంతా, ఇంకేమున్నదో చెప్పు.”

“గిప్పుడా? ఆమె ముంగటనా?” కాంతవ్వ నవ్వింది, ఎర్రబడింది, కానీ అడిగినప్పుడే చెప్పేయాలనిపించింది కాబోలు. “మోకాళ్లు సుత... మెట్లు దిగేటప్పుడు...”

వరలక్ష్మి గారికి నవ్వాగలేదు. “జాకెట్టుకి మోకాళ్ల కొలతెందుకండీ బాబూ?”

“ఆగండి మేడం, ఆమె చెప్తున్నది” అన్నాడు శివరాములు. స్టూలు లాక్కుని భార్య ఎదురుగా కూర్చున్నాడు. “ఆఁ, మెట్లు దిగేటప్పుడు? ఏమైతది?”