వంతెన రాళ్ళ మీద గాట్లు

నా చిన్నప్పుడు ఒక వేసవి మొత్తం మంచం మీదే గడిచిపోయింది. టైఫాయిడ్ తగ్గింది కానీ కాళ్ళు నావి కాకుండా పోయాయి. మొదటిసారి నిలబడబోయి గడప దగ్గర బోర్లా పడ్డాను. అంతే, మళ్ళీ నేల మీద పాదం మోపితే ఒట్టు. బడి తెరిచేలోగా నడవకపోతే ఆ ఏడు చదువు పోయినట్టేనని నాన్న దిగులు. అమ్మ బతిమాలేది, నాన్న కసురుకునేవాడు, నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

అలాంటప్పుడు కాకినాడ నుంచి మా మేనత్త దిగింది. ఆవిడకు నోరు జాస్తి. ఇంటిల్లిపాదీ నన్ను చూసి జాలిపడుతుంటే ఆవిడ మాత్రం ‘ఏమే కోడలా, మంచానికి అద్దె కడుతున్నావా’ అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే నన్ను చంకనేసుకుని మా ఇంటి ముందున్న కాలువలోకి దిగింది. కడియం మీదుగా కాకినాడ పోయే కాలువ అది. వేసవిలో నీళ్ళు కట్టేస్తారు కాబట్టి రాతి వంతెన కింద దాకా హాయిగా వెళ్ళొచ్చు.

వంతెన కమాను అంచున, మా ఇంటి గట్టువైపు రాళ్ళ మీద, వేలు పట్టేంత లోతు గాట్లున్నాయి. రోజూ ఆ వంతెన మీదే బడికి వెళ్ళేదాన్ని, ఎప్పుడూ చూడలేదు. ఎవరు చేశారో చెప్పమంది అత్తయ్య. కత్తులు నూరారేమో అన్నాను. అయితే అవతలివైపు రాయి అంత నున్నగా ఎందుకుందంది. నిజమే, అటు ఒక్క గాటూ లేదు. ఎంత అడిగినా చెప్పలేదు.

“మలుపు అవతల ఇంకో పాత వంతెనుంది. దాని గాట్లు ఏ వైపున్నాయో చూసి నువ్వు చెప్పు, అప్పుడు నేను చెబుతా. ఎత్తుకోమనకు, నడుం పట్టేసింది.”

నన్ను దింపేసి గట్టెక్కి ముందుకు సాగింది. వెనక్కి కూడా చూడలేదు. ఏడుద్దామనుకున్నాను కానీ ఆ ఒక్కవైపు గాట్లు నన్ను ఊరుకోనివ్వలేదు. వంతెన గోడ పట్టుకుని, తర్వాత గడ్డి పట్టుకుని గట్టెక్కి, చివరికి ఆవిడ కొంగు పట్టుకుని నడిచాను. మధ్యమధ్య కూలబడ్డాను. అప్పుడల్లా ఆవిడ ఏదో వెతుకుతున్నట్టు ఆగేది.

రెండో వంతెనకీ గాట్లు అటువైపే. మేం నడిచొచ్చిన గట్టువైపే. అదే చెప్పాను. అత్తయ్య మొహం విప్పారింది. దొరల కాలంలో బియ్యం, పొగాకు, బట్టల మూటలు ఈ కాలువ మీదే పడవల్లో కాకినాడ రేవుకెళ్ళి ఓడలెక్కేవట. గాలి లేకపోతే పడవకు తాడు కట్టి మనుషులే ఈ గట్టు మీద నడుస్తూ లాగేవారట. ఇసుక పట్టిన తడి తాళ్ళు ఏళ్ళ తరబడి ఒరుసుకుని రాయిని కోసేశాయట.

“వాళ్ళకి కాళ్ళు నొప్పెట్టలేదా అత్తా?”

“పెట్టకేం. సరుకు ఓడెక్కింది, నొప్పి వాళ్ళకి మిగిలింది. సరే, ఇప్పుడు మనిల్లు కనపడుతుందేమో చూడు.”

తిరిగి చూస్తే ఇల్లు లేదు, మా వంతెనా లేదు. చీలమండల దాకా దుమ్ముకొట్టుకుపోయిన నా పాదాలున్నాయి. అత్తయ్య నవ్వుతూ కళ్ళొత్తుకుని, నన్ను అమాంతం ఎత్తుకుని ఇంటిదాకా మోసుకొచ్చింది. ఆవిడ నడుముకి ఏమీ కాలేదని అప్పుడు తెలిసింది. బడి తెరిచిన రోజు ఆ వంతెన మీదుగా నడిచే వెళ్ళాను.

ఈ మధ్య మోకాలి ఆపరేషనయ్యాక, ఇంట్లోవాళ్ళు చేతికర్రతో నడవమన్నా వినక, మళ్ళీ మంచమెక్కి కూర్చున్నాను. రాజమండ్రిలో చదివే మా మనవరాలు ఆదివారాలు స్నేహితులతో కలిసి పాత పడవల దారులు వెతుకుతూ తిరుగుతుంటుంది. మొన్న ఇంటికొచ్చి, ధవళేశ్వరం దగ్గర ఒక వంతెనకి రెండువైపులా గాట్లున్నాయి అమ్మమ్మా, ఎందుకో ఎవరికీ తెలియలేదంది. రెండువైపులా ఎలా ఉంటాయి? ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. తెల్లారాక చేతికర్ర ఎక్కడ పెట్టారని నేనే అడిగాను.