ఒక్క ముద్ద

జగ్గయ్యపేటలో మా పిన్ని ఇంటికి ఎవరెళ్ళినా "ఒక్క ముద్ద తినెళ్ళు" అనేది. వద్దన్నా కంచం పెట్టేసేది.

పెద్దపేగు పరీక్షకు ముందురోజు బాబాయిని పేగు శుభ్రం చేసే మందునీళ్ళు తప్ప ఏమీ తీసుకోవద్దన్నారు. సాయంత్రానికి ఆయన నీరసం చూడలేక పిన్ని పప్పన్నం కలిపి పెట్టింది. మర్నాడు పరీక్షలో ఏమీ కనబడలేదు.

రెండేళ్ళకు బాబాయికి పేగు క్యాన్సరని తేలింది. ఆస్పత్రికి వాళ్ళిద్దరితో నేనూ వెళ్ళాను.

"ఇది గడ్డలా పొంగదండి. పేగు గోడకి చదునుగా అంటుకుని ఉంటుంది. లోపల కాస్త తిండి మిగిలినా దానికింద కనబడకుండా ఉండిపోతుంది. అప్పటి పరీక్షకు ముందు ఏమైనా తిన్నారా?" అన్నాడు డాక్టరు.

"ఆకలికి ఆగలేక నేనే తిన్నానండి," అన్నాడు బాబాయి.

పిన్ని తలెత్తలేదు.

మొన్న నందిగామ నుంచి పిన్ని ఇంటికి వెళ్తే, నాకు వడ్డించకుండా గిన్నెలు ముందుకు జరిపింది.

"ఆకలైతేనే తిను, నాన్నా."